తెలుగు తప్పనిసరి చేస్తే మైనారిటీ హక్కులకు దెబ్బ తగులుతుందా?

ప్రశ్న (టోలిచౌకి, లా విద్యార్థి):

అందరికీ నమస్కారం. మా పక్క ఫ్లాట్ అబ్బాయి సీబీఎస్‌ఈ బడిలో తొమ్మిదో తరగతి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తొమ్మిదిలో కూడా తెలుగు తప్పనిసరి అనేసరికి వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. సాయంత్రాలు నేనే కూర్చోబెట్టి చెప్తున్నాను, ఇంకా గుణింతాలు దాటలేదు. మొన్న ఆవిడ అడిగారు: "లా చదువుతున్నావు కదా బేటా, మైనారిటీలకు హక్కులుంటాయంటారు, మరి ఇది చెల్లుతుందా?"

రాజ్యాంగంలో మైనారిటీల భాషకు, వాళ్లు నడిపే బడులకు రక్షణనిచ్చే ఆర్టికల్ 29, 30 చదివాను. 2018 నాటి మన తెలంగాణ తెలుగు తప్పనిసరి చట్టమూ చదివాను. అయినా ఆవిడకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. మైనారిటీ భాషను కాపాడటం, ఆ పిల్లల్ని రాష్ట్ర జీవితంలో కలుపుకోవడం రెండూ ఒకేసారి కుదురుతాయా? వేరే దేశాల్లో ఎలా చేస్తున్నారు?

జవాబు (కూకట్‌పల్లి):

ఇక్కడే పుట్టి పెరిగారు, తెలుగు నేర్చుకోవాలి. ఇందులో హక్కుల గొడవేముంది? మా అన్న బెంగళూరు వెళ్లి కన్నడ నేర్చుకోలేదా?

జవాబు (పాతబస్తీ, రిటైర్డ్ తెలుగు టీచర్):

బాబూ, నేను ఉర్దూ మీడియం సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చట్టం ముక్క త్వరగా చెప్పేస్తాను.

రాష్ట్ర భాషను ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేయడం చెల్లుతుంది. మహారాష్ట్రలో మరాఠీని ఇలాగే పెడితే గుజరాతీ మైనారిటీ బడులు సుప్రీంకోర్టుకెళ్లాయి. అది ఉషా మెహతా కేసు, 2004లో తీర్పు వచ్చింది. దానివల్ల ఆర్టికల్ 30 హక్కు పోదని కోర్టు చెప్పింది. బోధనా మాధ్యమం సంగతి వేరు. కర్ణాటక ప్రైమరీలో మాతృభాషా మాధ్యమాన్ని బలవంతం చేయబోతే, 2014లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కుదరదంది. ఇవి కాక రాజ్యాంగంలో ఆర్టికల్ 350ఎ ఉంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేలా రాష్ట్రం ప్రయత్నించాలంటుంది. అది 1956లో, రాష్ట్రాల హద్దులు భాషను బట్టి గీసినప్పుడు వచ్చింది. ఆ ఏడాదే మన హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. మరాఠీ, కన్నడ జిల్లాలు అటు పోయినా ఆ భాషల కుటుంబాలు కాచిగూడ, సుల్తాన్ బజార్‌లలోనే ఉండిపోయాయి. ఏ గీత గీసినా ఎవరో ఒకరు అవతల మిగులుతారు.

కూకట్‌పల్లి సోదరుడికి: నేర్చుకోవాలి, నిజమే. నేర్పేదెవరు? హోసూరు, కృష్ణగిరి వైపు మన తెలుగు పిల్లల సంగతి గుర్తు చేసుకోండి. తమిళనాడు 2006లో తమిళాన్ని తప్పనిసరి చేసింది, వాళ్ల తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2023లో కూడా సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఇంకో ఏడాది పొడిగించాల్సి వచ్చింది. అక్కడ మన పిల్లల కోసం ఏం కోరతామో, ఇక్కడి ఉర్దూ పిల్లలకూ అదే ఇవ్వాలి. నాకు తెలిసిన న్యాయం ఇదే.

యూరప్‌లో జాతీయ మైనారిటీల రక్షణకు ఒక ఒప్పందం ఉంది, 1998 నుంచి అమల్లో ఉంది. తమ భాష నేర్చుకునే హక్కు మైనారిటీలకు ఉందని, దానివల్ల అధికార భాష చదువు ఆగకూడదని రెండూ అందులోనే రాసుకున్నారు. కాగితం మీద ఎవరైనా బాగానే రాస్తారు. నాకు నచ్చింది జార్జియా దేశం చేసిన పని. అక్కడ అర్మేనియన్, అజర్‌బైజానీ పిల్లలు జార్జియన్ భాష రాక యూనివర్సిటీ గడప తొక్కలేకపోయేవారు. 2010 నుంచి ప్రవేశానికి వాళ్ల భాషలోనే ఒక పరీక్ష రాయనిస్తున్నారు. సీటొచ్చాక ఏడాదిపాటు జార్జియన్ నేర్పి, ఆ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. ఆ రెండు భాషల వాళ్లకు చెరో 5 శాతం సీట్లు. ముందు లోపలికి రానిచ్చి, తర్వాత నేర్పుతున్నారు.

మా క్లాసులో పిల్లలు ఆరు గంటలు కుడి నుంచి ఎడమకు రాసేవారు, నా గంట రాగానే ఎడమ నుంచి కుడికి. ఒత్తుల దగ్గర అందరూ ఆగిపోయేవారు. సైన్స్ సార్ దగ్గర నేను ఉర్దూ అక్షరాలు నేర్చుకుని, బోర్డు మీద రెండు లిపుల్లో రాయడం మొదలుపెట్టాక వాళ్ల భయం పోయింది. ఎనిమిదో తరగతికల్లా ఆడపిల్లలు మీసేవ కాగితాలు అమ్మలకు చదివిపెట్టేవారు. దాంతో వాళ్ల ఉర్దూ ఏమీ తగ్గలేదు, ఉర్దూ పద్యాలు చెప్పే బైత్‌బాజీ పోటీల్లో మా బడి పిల్లలే ముందుండేవారు. రెండూ కుదురుతాయా అన్నావు. కుదురుతాయి, కానీ ఆ బరువు పిల్లవాడి ఒక్కడి మీద వేయకూడదు.

జవాబు (మలక్‌పేట):

టీచరమ్మా, ఆదాబ్. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో రాస్తున్నాను, మీలాంటి టీచరే కారణం. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయిందని మా ఇంట్లో చాలా సంతోషపడ్డాం. కానీ టీచర్లను తీసుకునే డీఎస్సీ చూడండి. ఉర్దూ మీడియం పోస్టుల్లో రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు వెళ్లేవి, ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరక్క మిగిలిపోతాయి. రిజర్వేషన్‌ను నేను తప్పుపట్టను. వాళ్ల హక్కు పోకుండా ఆ ఖాళీలు నింపే దారి సర్కారు వెతకాలి. అంతవరకు మా పిల్లలకు టీచర్ లేనట్టే కదా.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ మేడమ్. మరి ఇప్పుడు ఈ అబ్బాయికి ఏం చేయమంటారు?

జవాబు (రిటైర్డ్ తెలుగు టీచర్):

మలక్‌పేట తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం.

బాబూ, బడిలో ఏ పుస్తకం చెప్తున్నారో ముందు కనుక్కో. సీబీఎస్‌ఈ లాంటి బోర్డుల్లో తొమ్మిది, పది తరగతులకు తేలిక తెలుగు వాచకం 'వెన్నెల' పెట్టుకోమని 2025లో ప్రభుత్వం చెప్పింది. మామూలు వాచకం చేతికిచ్చి ఉంటే, వాళ్లమ్మ చేత ప్రిన్సిపల్‌కు లెటర్ రాయించు, రసీదు తీసుకోండి. సాయంత్రాలు పాఠం పక్కన పెట్టి బస్సు బోర్డులు చదివించు. 'కోఠి', 'శాలిబండ' చదవడం వచ్చాక 'నాంపల్లి'కి వెళ్లు. ఒత్తులు ఆ మాటతో మొదలుపెట్టవచ్చు.