పరిగె ఏరుకోవడానికి పంచాయతీ రెండు రోజులు కేటాయించాలా? మీరేమంటారు?

చెనక్కాయల సీమ (అనంతపురం జిల్లా)

పోయిన నెల మా ఊళ్లో జరిగింది చెప్పి మొదలుపెడతా. చెట్లు పీకి కాయలు ఇంటికి చేరిన చెనక్కాయ చేలో ఇద్దరు ఆడవాళ్లు పరిగె, అంటే కోతలో మిగిలిపోయిన కాయలు, ఏరుకుంటున్నారు. ఆ చేను గుత్తకు (కౌలుకు) చేస్తున్నాయన వచ్చి బుట్ట లాక్కుని కాయలన్నీ మట్టిలో కుమ్మరించి, అరిచి పంపించేశాడు. ఆ బుట్టలో ఉన్నది రెండు కిలోలు కూడా ఉండదు. కాళ్లు గుంజేదాకా గొంతుకు కూర్చుని, గడ్డపార ముక్కతో గట్టిపడిన నేల గీకి, ఒక్కో కాయా తీస్తే వచ్చిన రెండు కిలోలు అవి.

మా అమ్మ కూడా ఏరింది. పీకే వేళకు వాన లేక నేల బిగుసుకుపోతే కాయల్ని చెట్టుకు పట్టి ఉంచే ఊడలు తెగి కాయలు లోపలే ఉండిపోతాయి. తర్వాత ఒక్క జల్లు పడితే చాలు, ఊరి పిల్లలమంతా చేలల్లోనే ఉండేవాళ్లం. మా ఇంట్లో సంక్రాంతి దాకా చట్నీకి కాయలు అవే.

నా మాట ఇది. కోత అయ్యాక గొర్రెల మంద పెట్టకముందు, నాగలి కట్టకముందు రెండు పొద్దుల పాటు భూమి లేనివాళ్లు ఏరుకోవచ్చని గ్రామసభలో తీర్మానం చెయ్యాలి. దయ తలచి వదిలేయడం కాదు, ఊరి కట్టుబాటుగా ఉండాలి. బైబిల్ చదివినవాళ్లకు రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్న సంగతి తెలుసు కదా, పొలం అంచులు పూర్తిగా కోయొద్దని లేవీయకాండంలోనే ఉంది.

మాగాణి రైతు (కృష్ణా డెల్టా)

తమ్ముడూ, బుట్ట కుమ్మరించినాయన చేసింది తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ "ఊరి కట్టుబాటు" అనేముందు రైతు చేలో ఏముందో కూడా చూడు. మా దగ్గర వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లేస్తాం. కుప్ప తీసేసరికి మొలక నేలమీద ఉంటుంది. ఆ రెండు రోజులే దాన్ని తొక్కకూడని రోజులు! ఇరవై మంది బుట్టలు పట్టుకుని దిగితే వాళ్లకు నాలుగు శేర్ల ధాన్యం దొరకొచ్చేమో, నాకు మాత్రం రెండో పంట పోయినట్టే. అసలు మిషన్ కోతలు వచ్చాక చక్రాల కింద మొలక నలిగిపోతోందని చాలామంది మినుము మానేసి మొక్కజొన్నకు పోయారు. మిషన్ కోతకు కుప్పా లేదు, కల్లమూ లేదు, గింజ నేరుగా ట్రాక్టర్‌లో పడుతుంది. ఇంక పరిగె ఎక్కడిది?

మిరప సంగతి కూడా చెప్పాలి. చివరి కోత అయిపోయిందో లేదో ఎవరు చెప్తారు? పరిగె అని వచ్చి పక్క చేలో కోయని కాయలు కోసుకుపోయిన రోజులు నేను చూశాను. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన పంట అది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. మా వైపు యానాదులు గట్ల మీద ఎలుక బొరియలు తవ్వి లోపల దాచిన కంకులు తీసుకుంటారు, మేమే పిలిచి మరీ తవ్విస్తాం. ఎలుకల పీడ మాకు పోతుంది, గింజలు వాళ్లకు దక్కుతాయి. ఇద్దరికీ లాభం ఉన్నచోట కట్టుబాటు అక్కర్లేదు.

జొన్నచేను (జహీరాబాద్)

మీ ఇద్దరి మాటలూ చదివాను. నేను పదేళ్లుగా మహిళా సంఘాల పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

పరిగె ఎంత ఏరినా కొన్ని వారాల తిండే. ఆ తర్వాత? మా ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులే, ఈ ప్రశ్న 1990లలోనే వేసుకున్నారు. అప్పుడు రేషన్ అంటే బయటి నుంచి వచ్చే బియ్యం. ఊళ్లో ఎర్రనేలలేమో బీళ్లు పడి ఉన్నాయి. వాళ్లు చేసిందేమిటంటే, బీడు భూమి దున్నడానికి, ఎరువు తోలడానికి ఎకరానికి కొంత చొప్పున అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కాదు, కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో సంఘానికే తిరిగి కట్టాలి. ఆ గింజలు ఊళ్లోనే నిలవచేసి, ఎండాకాలం దాటాక పనులు లేని నెలల్లో బీద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎక్కువ బీదవాళ్లో ఆఫీసులో కూర్చున్నవాళ్లు తేల్చలేదు, ఊరివాళ్లే నేలమీద ఊరి పటం గీసి ఇల్లిల్లూ చూసి తేల్చారు. దాదాపు 30 ఊళ్లలో మొదలైన పని అది. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

నిలవచేసే పద్ధతి కూడా చెప్తాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. గింజలు దాచే గుమ్మికి లోపలా బయటా పేడ, మట్టి కలిపి అలుకుతారు. ఆరాక వేపాకు వేసి గింజలు పోస్తారు, విత్తనాలైతే బూడిద కలుపుతారు. పైన మూతకు కూడా మళ్లీ అలికేస్తారు. విప్పినప్పుడు వచ్చే ఆ వేపాకు వాసన పీల్చితే, ఈ ఏడాది గడుస్తుందిలే అన్న ధైర్యం వస్తుంది.

పరిగె మాటకొస్తే, మా వాళ్లు కంకుల కన్నా ఎక్కువ ఏరుకునేది ఆకుకూరలు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి. ఇవి ఎవరూ వేయరు, కలిపి పంటలు వేసిన చేలో వాటంతట అవే వస్తాయి. పక్కన పత్తి చేలో గడ్డిమందు కొడితే ఆ కూరలన్నీ పోతాయి. బుట్ట కుమ్మరించకుండానే పరిగె పోయినట్టే కదా ఇది? దీని గురించి ఏ గ్రామసభా మాట్లాడదు.

లెక్క చూద్దాం

అక్కా, మీ పని మీద గౌరవం ఉంది. కానీ సంఘం సాగు అన్నిచోట్లా నిలబడుతుందని చెప్పలేం. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ గారు కేరళలో, తెలంగాణలో ఆడవాళ్ల గుంపు సాగును విడి రైతుల సాగుతో పోల్చి చూశారు. కేరళలో కుటుంబశ్రీ (అక్కడి ప్రభుత్వ మహిళా సంఘాల పథకం) గుంపులకు హెక్టారుకు వచ్చిన దిగుబడి విలువ విడి రైతులకన్నా దాదాపు 1.8 రెట్లు. తెలంగాణ గుంపులకు దిగుబడి తక్కువే వచ్చింది. కాకపోతే కూలి ఖర్చు లేదు కాబట్టి నికర ఆదాయంలో విడి రైతులతో సమానంగా నిలబడ్డారు. తేడా ఎక్కడంటే, కేరళలో గుంపులు చిన్నవి, బ్యాంకు అప్పు దొరికింది, అరటి లాంటి పంటలు వేశారు. తెలంగాణలో గుంపులు పెద్దవి, దొరికిన నేల నాసిరకం, ఆ గుంపులను మొదలుపెట్టించిన ప్రాజెక్టు 2005లో ముగిశాక అండ తగ్గిపోయింది. ఇరవై మంది ఉన్న గుంపులో ఒకరు పనికి రాకపోతే మిగతావాళ్ల మొహాలు ఎలా ఉంటాయో పని చేసినవాళ్లకు తెలుసు.

కౌలుకైనా మంచి నేల దొరక్కపోతే ఎంత సంఘమైనా ఏం చేస్తుంది? ఆంధ్రలో 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, అది కూడా పదకొండు నెలలకే. పదకొండు నెలల కాగితం మీద ఎవరు పేడ ఎరువు తోలి నేలను బాగుచేస్తారు?

గెనుసుగడ్డ (నార్త్ కరోలినా)

కర్నూలు పిల్లని, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నా. చిలగడదుంపలు ఈ దేశంలో ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే. మిషన్‌తో తవ్వాక వంకర ఉన్నవి, మరీ పెద్దవి, గీత పడ్డవి చేలోనే వదిలేస్తారు. సొసైటీ ఆఫ్ సెయింట్ ఆండ్రూ అని 1979లో మొదలైన సంస్థ ఒకటి ఉంది, రైతు ఒప్పుకున్న రోజున జనాన్ని తీసుకెళ్లి అవి ఏరించి ఆకలి ఉన్నచోటికి పంపిస్తుంది. శనివారం పొద్దున నేనూ, మా పాపా వెళ్లి సంచులు నింపాం, చేతికి అంటిన జిగురు రెండు రోజులు పోలేదు. 1996లో చేసిన చట్టం వల్ల, మంచి మనసుతో ఇచ్చిన తిండి విషయంలో రైతు మీద కేసు పడుతుందన్న భయం కూడా లేదు.

కానీ ఇక్కడ ఏరేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు. చెనక్కాయల సీమ అన్న చెప్తున్నది తినేవాళ్లే ఏరుకోవడం గురించి. నాకు అదే ఎక్కువ గౌరవంగా అనిపిస్తోంది. మదనపల్లె, పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయి కోత కూలి కూడా గిట్టక చేలోనే వదిలేసినప్పుడైతే ఈ పద్ధతి పనికొస్తుంది, హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు పంపొచ్చు. కోసిన కూలి, ఆటో ఖర్చు పంచాయతీ పెట్టుకోవాలి, రైతు నెత్తిన వేయకూడదు.

చెనక్కాయల సీమ

అందరికీ దండాలు. మాగాణి అన్నా, మినుము మొలక సంగతి నాకు నిజంగా తెలియదు. రెండు రోజులు అన్ని ఊళ్లకూ ఒకటే అనడం నా తప్పు, ఏ పంటకు ఎప్పుడన్నది ఆ ఊరివాళ్లే అనుకోవాలి. మిరప చేలకు రైతు చెప్పాకే దిగాలన్నది కూడా న్యాయమే. కట్టుబాటు అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఇద్దరికీ లాభం లేనిచోటే కదా బుట్ట కుమ్మరించింది.

జొన్నచేను అక్కా, సంఘం సాగు వచ్చేదాకా ఆగమని మా ఊరి ఆడవాళ్లకు చెప్పలేను. రేషన్‌లో నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం వస్తున్నాయి, కడుపు నిండుతుంది. కానీ పప్పు కొనాలి. మా చెనక్కాయల్లో సాళ్ల మధ్య కంది ఉంటుంది, కోత జనవరిలో. కట్టెలు కొట్టి కుప్ప ఎత్తాక రాలిన కందులు నేలంతా ఉంటాయి, రెండు వానాకాలాల క్రితం దాకా వాటిని కూడా ఎవరూ అడ్డుకోలేదు.

నిన్న మా వీధిలో ఇద్దరు రైతులతో మాట్లాడా. వాళ్ల పదకొండెకరాల్లో కంది కోశాక మందను మూడో రోజు పొద్దునే తోలమని గొర్రెలాయనకు చెప్తామన్నారు. గుత్తకు చేస్తున్నాయన ఇంకా ఏమీ అనలేదు. అక్కా, గుమ్మి అలకడానికి పేడ, మట్టి ఎంతెంత కలపాలో రాస్తారా? వచ్చే కందులు కొన్నయినా దాచుదామని మా అమ్మ అడుగుతోంది.

జొన్నచేను (జహీరాబాద్)

రాస్తా తమ్ముడూ. మీ మట్టి ఎర్రదా, నల్లదా, ముందు అది చెప్పు.