కాలనీ పార్కు హద్దు ఎలా తేల్చుకోవాలి? పక్కింటి గోడ లోపలికి జరిగిందని అనుమానం

అడిగినవారు:
మాది హైదరాబాద్ శివారు, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలే. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా ఆమోదించిన పాత లేఅవుట్. పార్కు అని చూపించిన ఖాళీ స్థలానికి మూడు వైపులా రోడ్లు, నాలుగో వైపు వరసగా ఇళ్ల వెనక గోడలు. ఇన్నాళ్లకు ప్రహరీ శాంక్షన్ అయింది. కాంట్రాక్టరు వచ్చి కొలతా గిలతా లేకుండా ఉన్న గోడల వెంబడే ముగ్గు పోసి వెళ్లిపోయాడు. చివరి ఇంటాయన వెనక గోడ మిగతా గోడల కంటే ముందుకొచ్చినట్టు కంటికే తెలుస్తోంది, పైగా దానికో చిన్న గేటు పెట్టి బయట రేకుల షెడ్డు వేసి బండ్లు పెట్టుకుంటున్నాడు. అడిగితే "నా స్థలమే" అంటాడు. రోజూ మొహమొహాలు చూసుకునే వాళ్లం, గొడవ ఎవరికీ ఇష్టం లేదు. మొదట ఏం చేయాలి? అసోసియేషన్ తరఫున మేమే టేపు పట్టి కొలిస్తే చెల్లుతుందా?

సర్వే పని చేసేవాడిని:
మొదట ఆ ముగ్గు మీద పునాది తవ్వకుండా ఆపించండి మేడమ్, మిగతావన్నీ తర్వాత. ఉన్న గోడల వెంట ప్రహరీ కట్టేస్తే పోయిన స్థలం పోయినట్టే, రేపు ఎవరు అడిగినా "మునిసిపాలిటీయే ఇక్కడ హద్దు పెట్టింది కదా" అంటారు. గోడ లేని పార్కుకైనా దిక్కుంది గానీ తప్పు చోట గోడ కట్టిన పార్కుకు లేదు. కమిషనర్‌కి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ రాయండి, శాంక్షన్ అయిన లేఅవుట్ ప్రకారం హద్దులు కొలిచి రాళ్లు పాతాకే ప్రహరీ పని మొదలుపెట్టమని. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి, నోటితో చెబితే పని కాదు.

మీరు కొలిస్తే ఆఫీసులో చెల్లదు, కానీ కొలవండి. ఎంత తేడా ఉందో మీకే తెలియకపోతే వచ్చిన సర్వేయర్‌ని ఏం అడుగుతారు?

హుడా 2008లో హెచ్‌ఎండీఏ అయింది కాబట్టి లేఅవుట్ నకలు అక్కడే అడగాలి. మామూలుగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు వేయండి, ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దాంతోపాటు ఖాళీ స్థలాన్ని, రోడ్లను స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ ఉందా అని కూడా అడగండి. ప్లాన్ చేతికొచ్చాక దాని మీద స్కేలు పెట్టి లెక్కేయకండి, జిరాక్సు మీద జిరాక్సు తీసేసరికి కొలత మారిపోతుంది. గీత పక్కన రాసి ఉన్న అంకెలే చూడాలి. కొలత మొదలుపెట్టే చోటు కూడా ముఖ్యం. గోడ దగ్గర్నుంచి పట్టుకుంటే ఆ గోడే తప్పు కావచ్చు, రోడ్డు అంచు నుంచి పట్టుకుంటే ఆ అంచు మీదికి ఎవరి ర్యాంపో మెట్లో వచ్చి ఉంటాయి. కాలనీలో ఇప్పటికీ కదలని పాత రాయి, లేదా ఎదురెదురు ప్లాట్ల కొలతలు డాక్యుమెంట్‌తో సరిగ్గా కలిసే చోటు వెతికి, అక్కడి నుంచి లెక్క పట్టుకురండి.

నాలుగు పక్కలూ కొలిచి సరిపోయిందనుకోవద్దు, క్రాస్ కొలత, అంటే మూల నుంచి ఎదురు మూలకు, తప్పనిసరి. ఉదాహరణకి 60 మీటర్లు, 40 మీటర్లు ఉన్న పార్కు మూలమట్టానికి ఉంటే రెండు క్రాసులూ 72.1 మీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ఏదో మూల జరిగిందన్నమాట. చిన్న తేడాయే కదా అనుకోకండి, 60 మీటర్ల పొడవునా ఒక్క మీటరు లోపలికి వస్తే దాదాపు 72 గజాలు పోయినట్టు.

ఇంకో సభ్యుడు:
అన్నా, ఇంత ఎందుకు, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చుట్టూ నడిస్తే గీత వచ్చేస్తుంది కదా? మా దోస్తు పొలానికి అట్లనే చేసిండు.

సర్వే పని చేసేవాడిని:
పొలం ఎన్ని ఎకరాలో ఉజ్జాయింపుగా చూసుకోవడానికి సరే. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఇక్కడ తగాదాయే మీటరు, రెండు మీటర్ల దగ్గర. టోటల్ స్టేషన్ గానీ డీజీపీఎస్ గానీ, అంటే సెంటీమీటర్లలో కొలిచే సర్వే పరికరాలు, ఉన్నవాళ్లను పిలవాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు మాత్రం పనికొస్తాయి. షెడ్డు ఏ ఏడాది లేదు, ఏ ఏడాది నుంచి ఉంది అన్నది తేదీతో సహా ప్రింటు తీసి పెట్టుకోండి. హద్దు మాత్రం దాని మీద కొలవకండి, ఆ బొమ్మ నేల మీద ఉన్న చోటికి కొన్ని మీటర్లు పక్కకు పడి ఉండొచ్చు.

లేఅవుట్ కొలతలతో కూడా తేలకపోతే అప్పుడు సర్వే నంబరు దాకా వెళ్లాలి, టిప్పన్ (ఆ సర్వే నంబరు కొలతల పాత చిత్తు పటం), గ్రామ నక్షా (ఊరి మొత్తం పటం) తీయించి రెవెన్యూ సర్వేయర్ చేత కొలిపించాలి. ఆ పాత లెక్కలు గుంటల్లో ఉంటాయి, 33 అడుగుల చదరం ఒక గుంట, అంటే 121 గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. కాలనీ లోపల ఒక్క గోడ గురించి అయితే అంత దూరం పోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

వకీలు:
పైన చెప్పినవాటి కంటే తేలిక దారి ఒకటుంది, ఎవరూ దీని జోలికి పోరు ఎందుకో. ఆ చివరి ఇంటాయన సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయండి. స్థిరాస్తి డాక్యుమెంట్లు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లోనే ఉంది, ఆయన అనుమతి అక్కర్లేదు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే డాక్యుమెంట్ నంబర్లు వస్తాయి, వాటిని పట్టుకుని వెనక్కి లేఅవుట్ యజమాని మొదట అమ్మిన డాక్యుమెంట్ దాకా వెళ్లండి. షెడ్యూల్‌లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. పార్కు వైపు హద్దు దగ్గర "లేఅవుట్ ఖాళీ స్థలం" అనో "పార్కు" అనో ఉంటే, అది పార్కని ఆయన కాగితమే ఒప్పుకున్నట్టు. ఇక పొడవు చూడండి. కాగితంలో 50 అడుగులు రాసి ఉండి, రోడ్డు నుంచి వెనక గోడకు 58 వస్తే ఆ 8 అడుగులు పార్కులోంచి వచ్చాయి, లేదా ముందు రోడ్డులోంచి వచ్చాయి, ఏది అన్నది పక్క ఇళ్ల ముందు గోడల వరస చూస్తే తెలిసిపోతుంది. మొదటి డాక్యుమెంట్‌లో లేని గజాలు మధ్యలో ఏ అమ్మకంలోనో పెరిగి ఉంటే అదీ బయటపడుతుంది, ఆయన నిజంగానే తెలియక కొన్నాడేమో కూడా.

అడిగినవారు:
కాపీ తీయిస్తాం. కానీ ఆయన గట్టిగా చెప్పేది ఏంటంటే, పదిహేనేళ్లుగా గోడ అక్కడే ఉంది, ఇంటి పన్ను కడుతున్నాను, షెడ్డుకు కరెంటు మీటరు కూడా నా పేరునే ఉంది, పన్నెండేళ్లు దాటితే ఎవరూ కదపలేరు అని. ఇదొక్కటే టెన్షన్.

వకీలు:
పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. అవి ఆయన అక్కడ ఉన్నాడని చెబుతాయి, ఆయనదని చెప్పవు. పన్నెండేళ్ల మాటకొస్తే, ఊరికే వాడుకుంటే చాలదు, యజమానికి తెలిసేలా, యజమాని హక్కును కాదని బాహాటంగా అనుభవించానని ఆయనే రుజువు చేసుకోవాలి. సొంత డాక్యుమెంట్‌లోనే హద్దు పార్కు అని ఉంటే ఆ వాదన నిలబెట్టుకోవడం కష్టం.

అలాగని నిద్రపోవద్దు. ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు గడువు అని చాలామంది ధీమాగా చెబుతారు. లిమిటేషన్ చట్టంలో ఆ 30 ఏళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వేసే దావాలకు ఉంది, స్థానిక సంస్థలకైతే వీధులు, రోడ్ల గురించే రాసి ఉంది. మునిసిపాలిటీకి గిఫ్ట్ డీడ్ అయిన పార్కు విషయంలో ఆ లెక్కను నమ్ముకుని ఏళ్లు గడపడం మంచిది కాదు. ఒకవేళ గిఫ్ట్ డీడే కాలేదని తేలితే ఆ పని ముందు చేయించండి, సర్వే నంబరును రిజిస్ట్రేషన్లు చేయకూడని నిషేధిత జాబితాలో, అదే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ జాబితాలో, పెట్టమని కమిషనర్ చేత రిజిస్ట్రేషన్ శాఖకు రాయించండి. లేకపోతే పాత యజమాని వారసులెవరో వచ్చి పార్కునే ప్లాట్లు చేసి అమ్మేస్తారు, కొత్తేం కాదు.

రిటైర్డ్ ఉద్యోగి:
మా దగ్గర ఇలాంటి మూలలోనే చిన్న గుడి కట్టేశాం, ఇక ఎవడూ ఆ వైపు చూడలేదు. మీరూ ఆలోచించండి.

వకీలు:
సర్, మీ భక్తికి దణ్ణం, ఈ సలహా మాత్రం వద్దు. పార్కుల్లో, రోడ్ల మీద అనుమతి లేకుండా గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. పక్కాయన షెడ్డు తీయించమని వెళ్లిన మిమ్మల్నే ముందు నిలదీస్తారు. కమ్యూనిటీ హాలు, వాటర్ ట్యాంకు, వార్డు ఆఫీసు ఇవి కూడా అంతే, మంచి పనే కదా అని ఒక్కో మూల ఇచ్చుకుంటూ పోతే చివరికి పార్కు పేరు బోర్డు మీదే మిగులుతుంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే కాలనీవాళ్లే కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆస్పత్రికే ఒప్పుకోలేదు, షెడ్డు ఎంత.

ఇంకో సభ్యుడు:
కేబీఆర్ పార్కు లెక్క మన పార్కుల చుట్టూ కూడా బఫర్ ఏదో ఉంటదా? బయట కట్టుకునేటోళ్లకు రూల్సు?

సర్వే పని చేసేవాడిని:
ఉండదు. కేబీఆర్ వన్యప్రాణి చట్టం కింద నేషనల్ పార్కు, అటవీ శాఖది. దాని చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్, అంటే కట్టడాల మీద ఆంక్షలుండే పట్టీ, ఉంటుంది, 2020 నోటిఫికేషన్‌లో అది కూడా చోటును బట్టి 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల దాకానే. కాలనీ పార్కుకు అలాంటి బఫర్ లేదు, గీత ఎక్కడుంటే అక్కడే. అందుకే ఆ గీత సరిగ్గా పడాలంటున్నాను.

మొక్కల పని చూసేవాడిని:
హద్దు తేలాక ఏం కట్టాలన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, ఎస్టిమేట్‌లో నిండు గోడ ఉంటే మార్పించండి. ఎత్తు గోడ వెనకాల ఏం జరుగుతుందో ఎవరికీ కనపడదు, చెత్త పడేది అక్కడే, సీసాలు తేలేది అక్కడే. కింద రెండడుగుల గోడ, పైన గ్రిల్ గానీ చైన్‌లింక్ జాలీ గానీ చాలు. పునాది వెడల్పు మొత్తం మన గీతకు లోపలే పడాలి, లేకపోతే తవ్వుతుండగానే పక్కవాళ్లు వచ్చి నిలబడతారు. పల్లం వైపు గోడ అడుగున నీళ్లు పోయే కంతలు వదిలించండి, వానాకాలం నీళ్లు నిలిచి గోడ ఒరిగేది అందుకే. రావి, మర్రి గోడకు దగ్గర్లో వద్దు. వాకింగ్ ట్రాక్ మధ్యలో గుండ్రంగా వేయించడం మనవాళ్లకు అలవాటు, దాన్ని అంచు వెంబడి, ముఖ్యంగా ఆ ఇళ్ల వెనక గోడల పక్క నుంచే వేయించండి. పొద్దునా సాయంత్రం పదిమంది నడిచే చోట కొత్త గేటు లేచినా, ఇటుకల కుప్ప పడినా ఆ రోజే తెలుస్తుంది. ఇళ్ల వెనక గేట్లన్నీ మూయించాలి, ఒకరికి మినహాయింపు ఇస్తే రెండో ఆయన అడుగుతాడు.

అడిగినవారు:
ఇవాళ లెటర్ ఇచ్చి ముద్ర వేయించాం, ముగ్గు పని ఆగింది. సర్వేకి తేదీ ఇస్తామన్నారు. తేడా వస్తే షెడ్డు మేమే తీసేయొచ్చా, లేక ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకి చెప్పాలా? ఆయన కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటే?

వకీలు:
ఇటుక కూడా ముట్టుకోకండి. పార్కు మునిసిపాలిటీది, అసోసియేషన్ బాగోగులు చూసుకునేదే గానీ యజమాని కాదు. మీరు తీస్తే కేసు మీ మీద పడుతుంది. సర్వే రోజు ఆయన్ని రాతపూర్వకంగా పిలిపించండి, పంచనామా మీద సంతకం అడగండి, పెట్టకపోతే పెట్టలేదని రాయించండి. రాళ్లు పాతుతుండగా ఫొటోలు తీయండి. చాలామంది ఆ రాయి చూశాకే దారికొస్తారు, గడువిస్తే షెడ్డు తామే తీసుకుంటారు, మర్యాదా నిలుస్తుంది. అప్పటికీ వినకపోతే మునిసిపల్ నోటీసు, దానికీ కదలిక లేకపోతే అదే ఫైలు పట్టుకుని హైడ్రా. 2024లో పెట్టినప్పటి నుంచి ఓఆర్‌ఆర్ లోపల పార్కుల ఫిర్యాదులు వాళ్లు తీసుకుంటున్నారు. కాగితాలు లేకుండా వెళితే మాత్రం ముందు కాగితాలు తెమ్మంటారు.

స్టే సంగతికి, ఆయన వెళ్లేలోపే కోర్టులో కేవియట్ అనే ముందస్తు అర్జీ వేసి పెట్టండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 148ఏ సెక్షన్. మీకు చెప్పకుండా ఏకపక్షంగా ఉత్తర్వు రాకుండా అది అడ్డుకుంటుంది. మునిసిపాలిటీ తరఫు లాయరు (స్టాండింగ్ కౌన్సిల్) చేత కూడా వేయించండి, ఆయన దావా వాళ్ల మీదే వేస్తాడు కాబట్టి. కేవియట్ 90 రోజులే పనిచేస్తుంది, సర్వే ఆలస్యమైతే మళ్లీ వేయాలి.