నౌన్ క్లాజుల (నామవాచకంలా పనిచేసే ఉపవాక్యాల) ముందు వచ్చే ‘ఇట్’ను పిల్లలకు ఎలా వివరించాలి?

ప్రశ్న (గుంటూరు):
బ్రాడీపేటలో పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్నాను. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయిందన్న సంగతి అందరికీ తెలుసు అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే, కొందరు ‘దట్ ది బ్యారేజ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957 ఈజ్ వెల్ నోన్’ అనీ, మరికొందరు ‘ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్ ది బ్యారేజ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957’ అనీ రాశారు. రెండూ ఒప్పేనన్నాను. అయితే రెండో వాక్యంలోని ‘ఇట్’ అంటే బ్యారేజీయేనా అని ఒక అమ్మాయి అడిగింది. ఆమెకు తృప్తి కలిగేలా ఎలా చెప్పాలి? ‘ఐ డోంట్ నో వేర్ డజ్ హి లివ్’ వంటి వాక్యాలు కూడా ఎంత దిద్దినా మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి.

జవాబు (విజయవాడ, విశ్రాంత అధ్యాపకుడు):
అమ్మా, ఆ పిల్ల అడిగిన ప్రశ్న చాలా మంచిది. ఆ ‘ఇట్’ బ్యారేజీని గాని, మరే వస్తువును గాని సూచించదు. తెలుగులో ‘చలిగా ఉంది’ అంటే కర్త లేకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. ఇంగ్లీషులో, ఆజ్ఞలను మినహాయిస్తే, సమాపక క్రియకు ముందు కర్త స్థానం సాధారణంగా ఖాళీగా ఉండకూడదు. మీ వాక్యంలో అసలు కర్త ‘దట్’తో మొదలైన ఉపవాక్యమే. పొడవైన భాగాన్ని చివరికి జరపడం ఇంగ్లీషుకు అలవాటు కనుక అది వెనక్కి వెళ్ళింది. నెహ్రూ బస్ స్టేషన్‌లో కిటికీలోంచి సీటు మీద వేసిన జేబురుమాలులా ‘ఇట్’ ముందున్న చోటును కాస్తోంది. ‘ఇట్’ను తీసి ఆ ఉపవాక్యాన్ని అక్కడ పెట్టినప్పుడు వాక్యం నిలబడితే అది ఈ రకం ‘ఇట్’ అని పిల్లలే తేల్చుకోగలరు. ‘ఇట్ సీమ్స్ దట్ హి ఈజ్ ఇల్’ వంటి వాటికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ‘సీమ్’, ‘అపియర్’ క్రియలతో ఉపవాక్యాన్ని అలా ముందుకు తేలేము.

జవాబు (గుంటూరు, సహోపాధ్యాయిని):
మేడమ్ గారూ, రెండో సమస్యకు మూలం మన వాక్యంలోనే ఉందని నా అభిప్రాయం. ‘అతను ఎక్కడ ఉంటాడు’ అన్న ప్రశ్న ‘అతను ఎక్కడ ఉంటాడో తెలియదు’ అయినప్పుడు పదాల వరుస కదలదు, చివర ‘ఓ’ చేరుతుందంతే. అందుకే పిల్లలు ఇంగ్లీషు ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టుగా దించేస్తారు. ఉపవాక్యంగా మారాక అది ప్రశ్న కాదు కనుక ‘డజ్’ పోయి ‘వేర్ హి లివ్స్’ అవుతుందని చెప్పండి. ‘డూ యు నో వేర్ హి లివ్స్?’ అన్నప్పుడు కూడా ప్రశ్న వరుస ‘డూ యు నో’ దగ్గరే ఆగిపోతుంది. ‘హూ కేమ్’ వంటి చోట ప్రశ్నపదమే కర్త కాబట్టి మార్పేమీ ఉండదు. యార్డులో మిర్చి ధర పెరుగుతుందో లేదో అన్న అర్థానికి ‘ఇఫ్’, ‘వెదర్’ రెండూ పనికొస్తాయి గాని, వాక్యారంభంలో కర్తగా ఉన్నప్పుడూ, ‘ఇట్ డిపెండ్స్ ఆన్’ తరువాతా ‘వెదర్’ మాత్రమే వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దరఖాస్తు లేఖల్లో ‘ఐ వుడ్ అప్రిషియేట్ ఇఫ్ యు కుడ్ రిప్లై’ అని తరచుగా రాస్తున్నారు. ఇక్కడా ‘ఇట్’ కావాలా?

జవాబు (విజయవాడ, విశ్రాంత అధ్యాపకుడు):
కావాలమ్మా. ‘అప్రిషియేట్’ సకర్మక క్రియ. ‘ఇఫ్’ భాగం షరతును చెబుతుందే తప్ప కర్మ కాదు. కాబట్టి ‘ఐ వుడ్ అప్రిషియేట్ ఇట్ ఇఫ్ యు కుడ్ రిప్లై’ అని రాయించండి. ‘ది టీచర్ మేడ్ ఇట్ క్లియర్ దట్…’, ‘ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు…’ అన్న వాక్యాల్లోనూ ‘ఇట్’ కర్మ స్థానంలో నిలిచి, వెనుక రాబోయే భాగానికి చోటు కాస్తుంది. ‘నో’, ‘థింక్’ క్రియల తరువాత ఉపవాక్యమే నేరుగా కర్మగా వస్తుంది కాబట్టి అక్కడ ‘ఇట్’ చేర్చనివ్వకండి.