సముద్రం పక్కనే ఉన్నా చలికాలంలో విశాఖ గాలి ఎందుకు పాడవుతోంది?

మర్రిపాలెం నివాసి:
నమస్కారం. మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. రోజూ ఉదయం ఆరున్నరకు నడకకు వెళ్తారు. వానాకాలంలో ఏ ఇబ్బందీ ఉండదు కానీ, డిసెంబరు వచ్చేసరికి అదే దారిలో అంతే దూరం నడిచినా ఆయాసపడుతున్నారు. ఫ్యాక్టరీలు, లారీలు, బస్సులు ఏడాది పొడవునా ఉన్నవే కదా. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో చలికాలంలోనే గాలి ఎందుకు పాడవుతుందో తెలిసినవారు వివరించగలరా?

వాతావరణ శాస్త్ర అధ్యాపకుడు:
మీరన్నట్లు పొగ వదిలేవి పెద్దగా మారవు. మారేది ఆ పొగ కలిసిపోవడానికి దొరికే గాలి పరిమాణం. మామూలుగా పగటిపూట నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి పైకి లేస్తూ పొగనూ ధూళినీ తనతో పైకి తీసుకుపోతుంది. చలికాలపు రాత్రుల్లో మబ్బు ఉండదు కాబట్టి నేల త్వరగా చల్లబడి, నేల మీది గాలి చల్లగా, దానిపైన ఉన్న గాలి వెచ్చగా తయారవుతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లని గాలి బరువైనది కనుక పైకి లేవదు. రాత్రి వెలువడిన పొగ, తెల్లవారాక రోడ్డెక్కిన వాహనాల పొగ అన్నీ ఆ పలుచని పొరలోనే పేరుకుంటాయి.

ఇది చాలా ఊళ్లలో జరిగేదే, కానీ విశాఖకు కొండలు కూడా తోడయ్యాయి. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం వరుస, దక్షిణాన యారాడ కొండలు, పడమరన నరవ వైపు కొండలు ఉండటంతో నడుమనున్న ఊరు గిన్నె అడుగులో ఉన్నట్లుంటుంది. 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభం కావడానికి ఒక ముఖ్య కారణం, డాల్ఫిన్స్ నోస్ కొండ ఓడలకు గాలివానల నుంచి ఇచ్చే రక్షణే. ఓడలను కాచిన ఆ కొండలే చలికాలంలో పొగను కదలనివ్వకుండా అడ్డుపడుతున్నాయి. రేవు ఉన్నందువల్లే 1957లో మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఎరువుల కర్మాగారం కూడా ఈ గిన్నెలోకే వచ్చాయి. పరిశ్రమలకు స్థలం ఎంచుకునేటప్పుడు రేవును చూసినంత శ్రద్ధగా గాలిని కూడా చూసి ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం.

ఇక సముద్రం సంగతి. రాత్రిపూట భూమి మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీచే గాలి కొంత పొగను తీరం దాటిస్తుంది కానీ, పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైనప్పుడు అందులో కొంత భాగం తిరిగి ఊళ్లోకే వస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో బలమైన గాలులు, ధూళిని కడిగేసే వానలు రెండూ ఉంటాయి కాబట్టే జూలైలో నాన్నగారికి హాయిగా ఉంటోంది. అయితే చల్లగాలి కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. కాబట్టి నేరమంతా కాలుష్యానిదే అనలేము.

పాతనగరం వాసి:
పై వివరణకు ఒక మాట చేర్చాలి. రేవుకు దగ్గరగా ఉండే మా వీధుల్లో గాలి వీస్తే మేలు జరుగుతుందన్నది సగమే నిజం. బొగ్గు గుట్టల మీదుగా గాలి గట్టిగా వీచిన రోజున, వానలు ఆగిపోయిన పొడి నెలల్లో, ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. కిటికీ చువ్వ మీద వేలితో గీస్తే నల్లటి చార పడుతుంది. ఇది పీఎం 10 (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు) కిందకు వచ్చే ముతక ధూళి. గాలి ఆగితే పొగ పేరుకుంటుంది, గాలి లేస్తే ఈ ధూళి లేస్తుంది. గుట్టలను కప్పి ఉంచడం, నీళ్లు చల్లడం, లారీల మీద పట్టాలు కట్టడం వంటివి నెలకోసారి కాక రోజూ జరిగితేనే మా పిల్లలకు ఊపిరి తేలికవుతుంది. 2014లో హుద్‌హుద్ తుపానుకు కూలిపోయిన చెట్ల లోటు కూడా ఇంకా తెలుస్తూనే ఉంది.

హైదరాబాదులో ఉంటున్న విశాఖవాసి:
ఇక్కడ సముద్రమూ లేదు, విశాఖలో ఉన్నంత దగ్గరగా కొండల గోడలూ లేవు. నగరం దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అయినా డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచుతో కలిసిన పొగ కమ్ముకుంటూనే ఉంటుంది. రుతువు ప్రభావం రెండు చోట్లా ఒకటే.

మర్రిపాలెం నివాసి:
అందరికీ ధన్యవాదాలు. అయితే నడక మానిపించాలా, వేళ మారిస్తే సరిపోతుందా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యతా సూచీ 100 దాటకపోతే ఉదయాన్నే పంపవచ్చా?

వాతావరణ శాస్త్ర అధ్యాపకుడు:
ఆ సూచీలో ధూళికణాల లెక్క గడిచిన 24 గంటల సగటు మీద కడతారు కాబట్టి, తెల్లవారుజామున పెరిగి మధ్యాహ్నానికి తగ్గే తేడా అందులో సరిగా కనిపించదు. సూచీ బాగున్న రోజున కూడా ఏడు గంటల గాలి బరువుగా ఉండవచ్చు. అదే యాప్‌లో వీలైతే గంటగంటకూ వచ్చే పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని కణాలు) విలువలను చూడండి. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు నడకను మధ్యాహ్నం మూడున్నర, ఐదు గంటల మధ్యకు మార్చండి. అప్పటికి విలోమం విడిపోయి, సముద్రపు గాలి కూడా వీస్తూ ఉంటుంది. లారీలు తిరిగే రోడ్డు వద్దు, లోపలి వీధులు మేలు. ఇన్‌హేలర్ వెంట ఉంచుకోమని చెప్పండి. కొత్త వేళ సంగతి వైద్యుడితో కూడా ఒకసారి మాట్లాడండి.