ఎయిర్ రెండుసార్లు తీసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది

పాతబండి:
నెల క్రితం పదకొండేళ్ల పాత కారు కొన్నాను. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. పెడల్ సగానికి పైగా లోపలికి పోతే గానీ బండి ఆగడం లేదు. వెంటనే రెండోసారి తొక్కితే కాస్త పైకొస్తుంది, అయినా పాదం కింద మెత్తటి బంతి ఉన్నట్టే ఉంటుంది. అమ్మినాయన "ముందు చక్రాల పని ఈమధ్యే చేయించాం" అన్నాడు. ప్యాడ్లు నిజంగానే కొత్తవి.

బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంటే మూత మీద రాసినట్టే డాట్ 4 కొత్తది పోశాను. ఆయిల్‌లో చేరిన ఎయిర్ తీయడానికి మా అబ్బాయి పెడల్ తొక్కి పట్టుకోవడం, నేను నిపుల్ (చక్రం దగ్గర గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) వదులు చేసి బిగించడం. నాలుగు చక్రాలకూ రెండు విడతలు చేశాం. నిపుల్‌కు తగిలించిన గొట్టంలో బుడగలు ఆగిపోయాయి, పెడల్ మాత్రం మారలేదు. ఎక్కడా లీకు లేదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) పోయిందేమో, కొత్తది తెప్పించేయనా? అప్పటిదాకా బండి రోడ్డెక్కించను.

స్టీరింగ్‌మామ:
మాస్టర్ సిలిండరే అండీ. నాకూ అచ్చం ఇలాగే అయింది. మార్చేయండి.

గ్రీజుచేతులు:
ఆగండి, పైసా ఖర్చు లేకుండా తేలిపోయే విషయం ఇది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పెడల్‌ను ఒకే బలంతో నిమిషం పాటు తొక్కి ఉంచండి. లీకు లేకున్నా అది మెల్లగా కిందికి జారుతుంటే సిలిండర్ లోపలి సీలు పోయినట్టు. ఉన్నచోటే నిలిచిందా, దాని జోలికి పోకండి.

తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాగి తొక్కండి. పెడల్ ఇంతకుముందు కన్నా పైనే ఆగితే వెనక షూలకీ (డ్రమ్ముకు లోపలి నుంచి రాసుకునే ముక్కలు) డ్రమ్ముకీ సందు ఎక్కువైంది. తొక్కుడులో సగం ఆ సందు పూడ్చడానికే పోతుంది.

కానీ మెత్తదనానికి అది కారణం కాదు. "ముందు చక్రాల పని చేయించాం" అన్నాడన్నారే, నా అనుమానమంతా అక్కడే. ముందు చక్రం విప్పి కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టి నొక్కే భాగం) మీద నిపుల్ ఎటు ఉందో చూడండి. పైవైపు ఉండాలి. కిందవైపు ఉంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించేసినట్టే. గాలి పైనే చేరుతుంది కదా, నిపుల్ కింద ఉంటే మీరు డబ్బాలకు డబ్బాలు ఆయిల్ పోసినా ఆ బుడగ కదలదు. గొట్టంలో బుడగలు రావు, పని అయిపోయిందని మనం మురిసిపోతాం. నేను ఒకసారి నా చేత్తోనే ఇలా బిగించుకుని ఆదివారమంతా తిట్టుకుంటూ కూర్చున్నా.

ఇంకోటి, ఎయిర్ తీసేటప్పుడు అబ్బాయిని పెడల్ నేలకు తాకేలా తొక్కొద్దనండి. పాత సిలిండర్లో పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చివర్లో తుప్పు, మడ్డి ఉంటాయి, సీలు చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి చాలు.

నిదానమే:
జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం విప్పకండి, స్టాండ్లు పెట్టండి. డ్రమ్ములో దుమ్ము ఊదొద్దు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి. మూత తీసి ఉంచిన పాత డబ్బా ఆయిల్ వాడొద్దు, గాలిలో తేమ పీల్చేస్తుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 155 దగ్గరే మరగొచ్చు. డాట్ 5 మాత్రం కలపకండి, అది సిలికాన్‌ది.

పాతబండి:
గ్రీజుచేతులు గారూ, దండం! నిమిషం తొక్కి ఉంచితే పెడల్ కదల్లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే పైకొచ్చింది. చక్రం విప్పితే నిపుల్ కిందికి చూస్తోంది, రెండు వైపులా! బ్రేక్ గొట్టం కూడా మెలిక తిరిగి ఉంది. నేను దాని ముందే కూర్చుని రెండుసార్లు ఆయిల్ పట్టాను, బుర్రకు తట్టలేదు.

కాలిపర్లు అటుదిటు మార్చి, గొట్టం బోల్టుకు కొత్త రాగి వాషర్లు వేశాను. ఈసారి నిపుల్ వదులు చేయగానే పుస్సుమని గాలి, వెనకే తెల్లటి నురగ వచ్చాయి. మా వాడైతే చప్పట్లు కొట్టాడు. వెనక రెండు అడ్జస్టర్లూ (షూల సందు సరిచేసే పళ్ల మరలు) తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. శుభ్రం చేసి, చక్రం తిప్పితే సన్నగా రాసుకునే చప్పుడు వచ్చేదాకా వాటిని తిప్పాను. ఇప్పుడు పెడల్ పైనే గట్టిగా ఆగుతోంది. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూశా, బండి ఏ పక్కకూ లాగడం లేదు.

గ్రీజుచేతులు:
బావుంది. రోడ్డెక్కే ముందు కొంచెం దూరం నడిపి వచ్చి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. వెనక ఒక్కటే సెగలు కక్కుతుంటే దాన్ని ఎక్కువ బిగించేసినట్టు. నిపుళ్ల కింద తడి ఉందేమో కూడా చూడండి.

పాతబండి:
తడి లేదు. వెనక కుడిది వేడిగా అనిపించింది. దాని అడ్జస్టర్ రెండు పళ్లు వెనక్కి తిప్పాను, ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి.