టీవీ 120 హెర్ట్జ్, పీసీలో మాత్రం 60 దాటడం లేదు

కావలి గేమర్:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పదకొండున్నర. 55 అంగుళాల ఫోర్‌కే టీవీ, అట్టపెట్టె మీద 120 హెర్ట్జ్ అని ఉంది. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళితే 60 తప్ప ఇంకో అంకె లేదు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మూడుసార్లు తీసేసి మళ్ళీ వేశా. మధ్యాహ్నం నెల్లూరు వెళ్ళి కొత్త కేబుల్ కూడా తెచ్చా. చెప్పండన్నా, తల పగిలిపోతోంది.

ట్రంకు రోడ్డు:
కార్డు ఏది? టీవీలో ఎన్నో పోర్టు?

ఒంగోలు వైరింగ్:
తమ్ముడూ, కేబుల్ పీకేటప్పుడు టీవీ, పీసీ రెంటి ప్లగ్గులూ తీస్తున్నావా? సీపీయూ డబ్బాకి మోచెయ్యి తగిలి జివ్వుమంటే ఎర్త్ సరిగా లేనట్టు. ఆ లీకేజీ కేబుల్‌ గుండా టీవీలోకి వెళ్ళి పోర్టు కాలిపోవచ్చు. మన పక్క ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచెయ్యదు. ఎర్త్ గుంతలో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్ళు పొయ్యాలి. ఇల్లు కట్టిన రోజు తర్వాత ఆ గుంత వైపు చూసినవాళ్ళు లేరు. గేమ్ తర్వాత, ముందు అది చూసుకో.

కావలి గేమర్:
ఎర్త్ బాగానే ఉంది బాబాయ్. కార్డు ఆర్‌టీఎక్స్ 3060, పోర్టు 3. గేమ్‌లో సెకనుకి 140 ఫ్రేములు వస్తున్నాయి, టీవీయే 60 దగ్గర ఆగింది.

గూడూరు:
గేమ్‌లో 140 వస్తుంటే నీ రిఫ్రెష్ రేటు 140 అయినట్టేగా, ఇంకేంది?

పొదిలి:
కాదు. 140 అనేది కార్డు తయారుచేసే ఫ్రేములు. రిఫ్రెష్ రేటు, అదే హెర్ట్జ్ అంకె, అంటే టీవీ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో అది. 60లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 120లో 8.3. ఇంకోటి, కొన్ని పెట్టెల మీద మోషన్ రేట్ అని పెద్ద అంకె వేస్తారు. అది ప్యానెల్ వేగం కాదు. నీ పెట్టె మీద ఏం రాశారో సరిగ్గా చూడు.

గూడూరు:
అందరం ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అనే అంటాం. పేరు ఏదైతే ఏం?

ట్రంకు రోడ్డు:
పీసీ నుంచి నేరుగా టీవీకేనా?

కావలి గేమర్:
లేదన్నా, సౌండ్‌బార్ మీదుగా. అందరూ అలాగే పెడతారుగా. పెట్టె మీద నేటివ్ 120 అనే ఉంది.

ట్రంకు రోడ్డు:
అదే కారణం. సౌండ్‌బార్‌ని మధ్యలోంచి తీసెయ్.

పొదిలి:
ఆ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఫోర్‌కేలో 120కి, 8 బిట్ రంగుతో, బొమ్మకే సెకనుకి దాదాపు 24 గిగాబిట్లు కావాలి. హెచ్‌డీఎంఐ 2.0 కనెక్షన్ మొత్తం మోసేది 18 గిగాబిట్లే. చాలా సౌండ్‌బార్లు ఫోర్‌కేలో 60 వరకే దాటనిస్తాయి. కొత్త కేబుల్ కొన్నా మధ్యలో ఆ ఇరుకు అలాగే ఉంటుంది. పీసీని పోర్టు 4కి పెట్టు, పక్కన 120 అని గుర్తు ఉందో లేదో చూసుకో. సౌండ్‌బార్‌ని 3లోనే ఉంచు, ఈఆర్క్ మీద, అంటే టీవీ శబ్దాన్ని అదే కేబుల్‌లో సౌండ్‌బార్‌కి వెనక్కి పంపే దారిలో, శబ్దం వెళుతుంది. టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ ఆన్ చెయ్యి.

గూడూరు:
పోర్టు హెచ్‌డీఎంఐ 2.1 అయితే 120 వచ్చి తీరాలి.

పొదిలి:
తీరాలని లేదు. 2.1లో 120 తప్పనిసరి కాదు, ఇస్తే ఇస్తారు. అందుకే గుర్తు చూడమన్నా.

కావలి గేమర్:
పొద్దున మార్చా, 120 వచ్చింది. మౌస్ కదిలిస్తేనే తేడా తెలుస్తోంది. సౌండ్ ఇంకా రావడం లేదు, సాయంత్రం చూస్తా. థాంక్స్ అన్నా.