ఆరో లెవెల్ ఫైటర్‌కి ఒక్క దెబ్బా తగలట్లేదు, ఏం చెయ్యాలి?

కొండాపూర్_డీఎం: అన్నలూ, రాత్రి నుంచి కూర్చున్నా తేలట్లేదు, నెత్తి పనిచెయ్యట్లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, ఆట నడిపే డీఎం నేనే. మా ఫైటర్, అంటే యోధుడు, ఆరో లెవెల్. ఎంతమంది రాక్షసుల్ని దింపినా వాడి ఒంటి మీద గీత పడట్లేదు. పక్కనున్న విజార్డ్, అదే మంత్రగత్తె, రెండు దెబ్బలకే పడిపోతోంది. పుస్తకంలో ఎన్‌కౌంటర్ లెక్క (ఏ లెవెల్ వాళ్ల మీదికి ఎంత శత్రుబలం దింపాలని) ప్రకారమే పెడుతున్నా. మ్యాజిక్ సామాను ఉంటే ఎన్ని లెవెల్స్ పెరిగినట్టు? ఫార్ములా ఉంటే చెప్పండి. ఆదివారమే ఆట.

సికింద్రాబాద్_పాతకాపు: మూడో ఎడిషన్‌లో ఈ గోలే లేదు తమ్ముడూ. ఏ లెవెల్‌కి ఎంత ఆస్తి ఉండాలో డీఎం గైడ్‌లోనే పట్టిక వేశారు. అయిదో లెవెల్‌కి 9,000 బంగారు నాణేలు, పదికి 49,000. సామాను కూడా బలమేనని ఒప్పుకున్న ఆట అది. ఇప్పుడు అందరికీ కథలు కావాలి, పట్టికలు వద్దు.

చాయ్_సమోసా: ఏ ఎడిషన్? ఏసీ, అదే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె, ఎంత?

కొండాపూర్_డీఎం: ఫిఫ్తే, 2014 పుస్తకం. ఇంకేముంటుంది? ఏసీ 25.

చాయ్_సమోసా: 25 ఎట్లొచ్చింది?

కొండాపూర్_డీఎం: ప్లేట్ కవచం +1, షీల్డ్ +2, రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్, క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్. అట్యూన్‌మెంట్, అంటే మ్యాజిక్ సామానుతో కట్టుకునే బంధం, రెండే అయింది, మూడు హద్దు దాటలేదు. విజార్డ్‌కి ఏమీ లేవు, ఏసీ 12.

పాచికల_పంతులు: ఇది ముందే చెప్పాల్సింది. లెవెల్స్‌తో కొలిస్తే తేలదండీ. ఆగర్ అనే రాక్షసుణ్ణి తీసుకోండి, ఇరవై ముఖాల పాచికకి కలిసే దాడి బోనస్ +6. మామూలు ప్లేట్, షీల్డ్ వేసుకుంటే ఏసీ 20, పాచిక మీద 14 పడితే తగులుతుంది, అంటే 35 శాతం. ఏసీ 25కి 19 పడాలి, 10 శాతం. తినే దెబ్బలు మూడో వంతుకన్నా తగ్గిపోయాయి. అసలు కిటుకు ఇంకోటుంది. ఆ రింగే విజార్డ్ వేలికి పెడితే 75 శాతం కాస్తా 70 అవుతుంది, ఆమెకి పెద్ద తేడా తెలీదు. మీవాడికి 15 నుంచి 10కి పడింది, మూడింట ఒక దెబ్బ మాయం. +1 అదే, పోగుపడ్డ చోట విలువ పెరుగుతుంది. ప్లస్ కవచాలకీ షీల్డ్‌లకీ అట్యూన్‌మెంట్ అక్కర్లేదు కాబట్టి ఆ హద్దు మిమ్మల్ని కాపాడదు. పైగా ఈ ఎడిషన్‌లో ఎన్‌కౌంటర్ లెక్క సామానుని పట్టించుకోదు.
రాక్షసుల దాడి బోనస్ మాత్రం పెంచకండి, ముందు చచ్చేది విజార్డే. ఏసీతో పని లేని దాడులు పెట్టండి. ఫైటర్‌కి విజ్డమ్ సేవ్‌లో (మనసు మీది మంత్రాన్ని తట్టుకోడానికి వేసే పాచిక) ప్రొఫిషెన్సీ, అంటే అదనపు బోనస్, ఉండదు, మనిషిని కదలకుండా కట్టేసే హోల్డ్ పర్సన్ మంత్రం వేసేవాణ్ణి దింపండి. రింగ్, క్లోక్ సేవ్‌లకీ చెరో +1 ఇస్తాయి, అది గుర్తుంచుకోండి.

రూన్_రాజా: ఇదంతా వదిలి పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటకి, దాని రెండో ఎడిషన్‌కి వచ్చెయ్యండి. స్ట్రైకింగ్ రూన్, ఆయుధం మీద చెక్కే మంత్రాక్షరం, నాలుగో లెవెల్ సామాను, దెబ్బకి ఇంకో పాచిక. శత్రువుల లెక్కలోనే అది కలిసుంటుంది.

చాయ్_సమోసా: అడిగింది అది కాదు.

సికింద్రాబాద్_పాతకాపు: పవర్ అంటే ఏసీ ఒక్కటేనా పంతులూ? ఎగిరే బూట్లు ఏ అంకెనీ మార్చవు, నువ్వు కష్టపడి గీసిన లోయ మాత్రం దండగ. కవచకుండలాలు ఉండగా లాభం లేదనే ఇంద్రుడు కర్ణుడి దగ్గరికి బ్రాహ్మణ వేషంలో వెళ్లాడు. ఈ ఫైటర్ దగ్గరికీ ఎవణ్ణో పంపు.

పాచికల_పంతులు: ఎగరడాన్ని నేను సౌకర్యం అంటాను, పవర్ అనను. సామాను లాక్కుంటే ఆటగాడు అలిగి పోతాడు.

సికింద్రాబాద్_పాతకాపు: లాక్కోమన్నానా? ఇంద్రుడు బదులుగా శక్తి ఆయుధం ఇచ్చాడు. సౌకర్యమట!

కొండాపూర్_డీఎం: హోల్డ్ పర్సన్ పెడతా. క్లోక్ విజార్డ్‌కి ఇమ్మని వాణ్ణి అడుగుతా, ఇస్తాడనుకోను. థాంక్స్.

రూన్_రాజా: రూన్‌ల సంగతి కావాలంటే ఇన్‌బాక్స్‌కి రండి.